తడిసినవాడే వాన కూర్చాలి

మొగుడి ఉద్యోగానికి ఎవరైనా ఎసరు పెట్టిన రోజున గడపకు పసుపు రాసి, ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టాలి! నేను నవ్వులాటకు అనడం లేదు. పునర్వ్యవస్థీకరణ అనే మహత్కార్యం మన అనంతపురం దాకా నడిచి వచ్చిందంటే అది మనందరి పూర్వజన్మ సుకృతం. దాన్ని తెచ్చిన మేనేజరు గారు పది కాలాలపాటు చల్లగా ఉండాలి.

ఆలోచించండి. తుంగభద్ర కాలువ మా దిక్కుకు రావడానికి మా మామగారి తల నెరిసింది. కరెంటు వస్తుంది, ముఖం చూపించి పోతుంది. వాన మాట ఎత్తకపోవడమే మంచిది. అర్జీ పెట్టకుండా, ఎవరి ఇంటి చుట్టూ తిరగకుండా మన జిల్లాకు తనంతట తాను వచ్చింది ఇదొక్కటే! అట్లా వచ్చిన చుట్టానికి పీట వేయాలా, వద్దా?

సాక్ష్యం కోసం మీరు దూరం పోనక్కర్లేదు. ఈ మహత్కార్యం జరిగింది మీ చేతిలో ఉన్న ఈ 'చిత్రావతి' పత్రికలోనే. ఆ పేరుగల ఏట్లో నీళ్ళు ఎప్పుడో గాని కనబడవు. పత్రిక మాత్రం రోజూ కనబడుతుంది. దీని యజమాని శ్రీరంగప్ప గారు మొదట వేరుశనగ నూనె మిల్లు పెట్టారు. వానలు లేక కాయలు రాక, మిల్లు తిరగని కాలంలో ఊరికే కూర్చోలేక పత్రిక పెట్టారు. నూనెకైతే కాయలు కావాలి. వార్తలకు కరువొక్కటి ఉంటే చాలదా!

ఆ పత్రికలో మా ఆయన రామాంజులు కంపోజిటరు. అంటే గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, వార్తను తయారుచేసే మనిషి. ఆ పనినే కూర్చడం అంటారు. సీసం మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ వాటినే చదివి చదివి, మామూలు అక్షరాలు చూస్తే ఆయన మెడ పక్కకు వాలిపోయేది. పెళ్ళయిన కొత్తలో టెంటు సినిమాకు తీసుకుపోయి, "తెర వెనక్కి పోయి కూర్చుందామా? పేర్లు బాగా కనబడతాయి" అన్నాడు. నేను కొత్త పెళ్ళికూతుర్ని గదా, సరేనని పోయాను. సినిమా అంతా హీరో ఎడమచేత్తో అన్నం తిన్నాడు!

వాళ్ళ కంపోజింగు హాల్లో ఒక ఆచారం ఉండేది. అది చెప్పకపోతే మీకు ముందు కథ అర్థం కాదు.

మొదటి పేజీ అడుగున, మూలలో, రోజూ ఒకే వాక్యం వచ్చేది. "జిల్లాలో వాన జాడ లేదు." దాన్ని రోజూ కొత్తగా కూర్చడం దండగ అని, ఒకసారి కూర్చిన అక్షరాలను చెదరగొట్టకుండా దారంతో కట్టి, ఒక పళ్ళెంలో పదిలంగా పెట్టేవారు. రోజూ సాయంత్రం తీసి పేజీలో పెట్టడం, అచ్చయ్యాక మళ్ళీ పళ్ళెంలో పెట్టడం. అరిగిపోయిన అక్షరాలకు బదులు కొత్తవి పోత పోయించారు గాని, వాక్యం మార్చే అవసరం ఏళ్ళ తరబడి రాలేదు.

మరి వాన నిజంగా పడితే? దానికీ ఒక పద్ధతి ఉంది. అది ఫోర్‌మన్ యేసన్న పెట్టిన పద్ధతి. ఆ హాలుకు కిటికీలు లేవు. మెషీను రొదలో ఉరిమినా వినబడదు. ఎవరో తలుపు దగ్గర నిలబడి "వానంట!" అని కేకేస్తే యేసన్న నమ్మడు. ఒకసారి అట్లా నమ్మి వేస్తే, పడింది వాన కాదు, పక్క మేడ మీద ఎవరో తొట్టి కడిగి నీళ్ళు ఒంపారని మర్నాడు తేలింది. అప్పటినుంచి ఆయన శాసనం ఒకటే. తడిసినవాడే వాన కూర్చాలి!

బయటి నుంచి నిజంగా తడిసి వచ్చినవాడు యేసన్న ముందు చొక్కా కొస పిండాలి. నీళ్ళు కారాలి. అప్పుడు వాడే పాత వాక్యాన్ని పక్కన పెట్టి, లావు అక్షరాలతో "జిల్లాలో వాన!" అని కూర్చాలి. ఆ భాగ్యం కోసం మబ్బు పట్టినప్పుడల్లా కంపోజిటర్లందరికీ ఒకేసారి టీ తాగాలనిపించేది. మా పెళ్ళయ్యాక మా ఆయనకు అది ఒక్కసారే దక్కింది. ఆరోజు తడిసిన చొక్కాతోనే ఇంటికి వచ్చి, నట్టింట్లో నీళ్ళు కారుస్తూ నిలబడ్డాడు.

"ఏం రా, తల తుడుసుకోకుండా ఈ అవతారమేంది?" అంది మా అత్త హనుమంతమ్మ.

"నేనే కూర్చినానమ్మా!"

అత్త ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కొడుక్కు దిష్టి తీసింది.

ఇట్లాంటి చాదస్తాలతో కాలం గడుస్తుండగా, ధర్మం నాలుగు పాదాల మీద నడవడానికి శ్రీరంగప్ప గారి అల్లుడు బెంగుళూరు నుంచి మేనేజరుగా దిగారు. పుట్టి పెరిగింది అక్కడే. తెలుగు మాట్లాడతారు. చదవడం అంటారా, ఆ సంగతి తర్వాత చెబుతాను. వచ్చిన వారానికే అందరినీ కాగితాల గోడౌనులో కూర్చోబెట్టి ప్రసంగం చేశారు.

"ఎవరినీ తీసివేసేది లేదు. అందరినీ కదిలిస్తున్నాం, అష్టే!" అన్నారు, అంతేనని కన్నడంలో.

యేసన్న లేచి నిలబడ్డాడు. "యాడికప్పా కదిలిచ్చేది?"

"ముందుకు!"

"ముందర గోడుండాది గదప్పా," అన్నాడు యేసన్న.

గోడను చూసేవాడికి గోడే కనబడుతుంది. దూరదృష్టి కలవారికి గోడ అవతల బెంగుళూరు కనబడుతుంది! అక్కడ ఒక కొత్త యంత్రం ఉందట. సీసం లేదు, మసి లేదు. మీటలు నొక్కితే వెలుతురే అక్షరమై కాగితం మీద పడుతుందట. ఆ కాగితాలను కత్తిరించి, పేజీగా అతికించి, ఫిల్ము తీసి, చుట్టచుట్టి బస్సెక్కిస్తారు. ఇక్కడ అచ్చు మాత్రం వేసుకుంటే చాలు. అంటే మన ఊరి వార్త బస్సులో బెంగుళూరు పోతుంది, ముస్తాబై మళ్ళీ బస్సులో మన ఊరొస్తుంది. మీ ఎదురింటి ఆయన కాలు జారి పడితే, ఆ సంగతి బెంగుళూరు చూసి వచ్చి మీకు తెలుస్తుంది. మన తాతలు కాశీకి పోవాలనుకుని పోలేకపోయారు. మన వార్తలు రోజూ ప్రయాణం చేస్తున్నాయి. ఇంత యోగం ఏ జిల్లాకుంది!

ఇక హోదాలు చూడండి. యేసన్న ఇన్నేళ్ళూ ఉత్త ఫోర్‌మన్. ఇప్పుడు ఆయన 'అక్షర భద్రతాధికారి'. అంటే ఖాళీ అయిన కంపోజింగు హాలుకు తాళం వేసి, ఆ తాళం ఎదురుగా స్టూలు మీద కూర్చోవడం. అక్షరాలు పారిపోకుండా చూసుకోవాలి గదా! ప్రూఫులు దిద్దే బసప్ప ప్రకటనలు తెచ్చే ప్రతినిధి అయ్యాడు. తాడిపత్రిలో ఒక బండల ఫ్యాక్టరీకి ప్రకటన అడగబోయి, గేటు మీది బోర్డులో తప్పులు దిద్ది వచ్చాడు. ప్రకటన రాలేదు, వాచ్‌మన్ వెంటబడ్డాడు. కూర్చుని కూర్చుని బసప్పకు పట్టేసిన మోకాళ్ళు ఆ పరుగుతో వదిలాయి. ఇది లాభం కాదా? కంపోజిటరు ఎర్రిస్వామిని పత్రిక అమ్మడానికి విడపనకల్లు పంపారు. అక్కడ సగం మంది కన్నడ పత్రిక చదువుతారు గదా అంటే, "పరవాలేదు, ఫోటోలు చూస్తారు" అన్నారట మేనేజరు గారు. ముందుచూపంటే అదీ!

మా ఆయన ఒక్కణ్ణే బెంగుళూరుకు కదిలించారు. అక్కడ ఆయన 'అతికింపు పర్యవేక్షకుడు'. యంత్రం మీద కూర్చునేవాళ్ళకు తెలుగు మీటలు తెలుసు గాని తెలుగు తెలియదట. ముక్క తలకిందులుగా పడకుండా చూడటానికి ఒక తెలుగు మనిషి కావాలి. సూటిగా ఉన్న అక్షరాలు చూసి చూసి ఆయనకు తలనొప్పి పట్టుకుంది. జేబులో ఒక అద్దం పెట్టుకుని, దాంట్లో చూసి చదువుతున్నాడని వినికిడి.

దీనివల్ల మా ఇంటికి కలిగిన మేలు చెబితే మీకు కన్ను కుడుతుంది. మునుపు ఆయన సాయంత్రం ఇంటికొస్తే చేతుల నిండా సీసపు మసి. అది పిల్లల కడుపులోకి పోతే మంచిది కాదని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పారాడే పాప చేతులు చాచి ఏడుస్తున్నా, ఆయన్ను గడపలోనే ఆపి, చింతపండు పెట్టి, బూడిద పెట్టి, చేతులు తోమించేదాన్ని. ఇత్తడి బిందెను కూడా అంత తోమి ఎరగను. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆయన చేతులు పూజారి చేతుల్లా తెల్లగా ఉన్నాయట. ఎత్తుకోవడానికి పాప అక్కడ లేదు, అంతే. ఎంత సౌకర్యంలోనైనా చిన్న లోటుంటుంది, సర్దుకోవాలి.

పైగా నా భయాలన్నీ పోయాయి! బస్సు బోల్తా పడుతుందేమో, ఆయనుండే లాడ్జిలో స్టవ్వు పేలుతుందేమో, పాపకు ఒళ్ళు వెచ్చబడితే ఎవరిని లేపాలో, ఇట్లాంటి ఒకటి రెండు చిన్నవి తప్ప నాకిప్పుడు ఏ భయమూ లేదు. పాప తుమ్మితే నాలుగిళ్ళ అవతలి వాళ్ళను కూడా పిలుస్తానని అత్త అంటుంది. అది భయం కాదు, ఇరుగుపొరుగుతో సఖ్యత.

ఆ ఉత్సాహంలో నేను మా ఇంటిని కూడా పునర్వ్యవస్థీకరించాను. పాలు మానేసిన మేకకు 'విశ్రాంత క్షీరాధికారి' అని హోదా ఇచ్చాను. దాని ముఖంలో మార్పేమీ కనబడలేదు. మూగజీవం, పాపం! ఆ తర్వాత అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, నిన్ను ముందుకు కదిలిస్తాండా."

"యాడికే?"

"పొయ్యి కాడి నుంచి బోరింగు కాడికి. నీళ్ళు మోసే పని."

"అట్లనా! అయితే నిన్ను మీ పుట్టింటికి కదిలిస్తా. అదీ ముందుకే. బస్టాండు ఆ పక్కనే ఉండాది," అంది అత్త, చేతిలో గరిటె దించకుండా.

కొందరు ప్రగతికి అడ్డం పడుతూనే ఉంటారు. నేను బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయాను.

ఇంతలో ఆ రోజు వచ్చింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పొద్దున లేచేసరికి ఎర్రదుమ్ము గాలి. ఆకాశంలో మబ్బు తునక లేదు. కాకి కూడా నోరు తెరిచి ఎగురుతోంది. గుమ్మంలో పత్రిక పడింది. మొదటి పేజీలో, అడుగున కాదు, నడినెత్తిన, అరచేతి మందాన అక్షరాలు: "జిల్లాలో వాన!"

ఆ రోజు మన జిల్లాలో జరిగిన వింత ఏ పురాణంలోనూ జరగలేదు. ఎక్కడా చినుకు పడలేదు. అయినా ప్రతి ఊరివాళ్ళూ పక్క ఊళ్ళో పడిందనుకున్నారు! విడపనకల్లు వాళ్ళు తాడిపత్రిలో పడిందన్నారు. తాడిపత్రి వాళ్ళు లేపాక్షిలో పడిందన్నారు. లేపాక్షి వాళ్ళు, అంత పెద్ద నంది మనూళ్ళో ఉన్నా వాన పైవాళ్ళకే పోయిందని దేవుడితో పోట్లాడారు. ఒక పెద్దాయన వాన చూసి చాలా కాలమైందని, చూసి వద్దామని బస్సెక్కాడట. ఏ ఊరికి టికెట్టు ఇవ్వాలో కండక్టరుకు తెలియలేదు. నేల తడవకుండా విత్తనం వేసే వెర్రివాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు గనక ఎవరికీ నష్టం లేదు. కడుపుమంట మాత్రం ఊరూరా సమానంగా పడింది. వాన ఏనాడైనా అంత సమానంగా పడిందా?

విడపనకల్లులో ఎర్రిస్వామిని చుట్టుముట్టారట.

"ఏమప్పా, నీ పత్రికలో వానుండాది, మా చేన్లో లేదే?"

"చేన్లో పడేది దేవుని పని అన్నా. పత్రికలో పడేదే మా పని," అన్నాడట ఎర్రిస్వామి. హోదా మనిషికి ఎంత తెలివి తెస్తుందో చూశారా!

మా ఇంట్లో మాత్రం నేను ఆ పత్రిక పట్టుకుని గడపలో కూలబడ్డాను. జిల్లా అంతా చదివింది వాన వార్త. నేను చదివింది వేరే వార్త.

"ఏమే, పొద్దున్నే ఏడుస్తాండావు? వానొస్తే ఏడుస్తారా ఎవురన్నా?" అంది అత్త.

"తడిసినాడత్తా నీ కొడుకు! గొడుగు ఈడనే చిలక్కొయ్యకుండాది. తల తుడుసుకున్నాడో లేదో. ఆ తడి చొక్కాతోనే కూర్చున్నట్టుండాడు."

"వాన పడింది యాడ?"

"బెంగుళూర్లో."

"మరి జిల్లా అని ఏసినాడే?"

"నీ కొడుక్కి తానుండేదే జిల్లా గదత్తా. ఆ మనిషి ఇంకా ఈడనే ఉండాడు."

అత్త పత్రిక తీసుకుని, చదువు రాకపోయినా, ఆ లావు అక్షరాల మీద చెంగుతో తుడిచింది. కొడుకు తలే తుడిచినట్టు.

తర్వాత తెలిసింది, నేననుకున్నదే జరిగిందని. సాయంత్రం టీకి బయటికి పోయాడు. బెంగుళూరు వాన ముంచెత్తింది. మన అనంతపురం మనిషి వానను చూసి చూరు కిందికి పరిగెత్తుతాడా? నిలబడ్డాడు, తడిశాడు. నీళ్ళు కారుతూ లోపలికొచ్చాడు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి తన పని తాను చేసేసింది. "వాన జాడ లేదు" ముక్కను పీకి పక్కన పెట్టి, యంత్రం మీది వాళ్ళచేత లావు అక్షరాలు కొట్టించి, అతికించేశాడు. ఫిల్ము బస్సెక్కాక, చొక్కా పిండుదామని యేసన్న కోసం వెతికాడట. అప్పుడు గుర్తొచ్చిందట తానెక్కడున్నాడో.

యేసన్న మా ఇంటికొచ్చి ఓదార్చాడు. "వాని తప్పేమీ లేదమ్మా. తడిసినాడు, కూర్చినాడు. నేను పెట్టిన పద్ధతే. ఏ ఊర్లో తడవల్ల అనేది నేను చెప్పింటే గదా!"

ఆ రోజే మధ్యాహ్నం ఆఫీసు నుంచి కబురొచ్చింది, రామాంజులు పెండ్లాన్ని రమ్మన్నారని. ఉద్యోగం పోయినట్టే. పాపకు పాలు, అత్తకు మందు, ఇంటి అద్దె, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పాపను చంకనేసుకుని, దారి పొడుగునా కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. స్వామీ, ఆయన ఉద్యోగం మాత్రం ఊడనీయకు!

శ్రీరంగప్ప గారు పత్రికను బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, నీ మొగుడు చేసిన పని చూస్తివా? పొద్దున్నుంచి మిల్లు కాడ రైతులు బారులు తీరినారు, పక్కూర్లో పడింది గదా, రేపు మాకూ పడతాది, విత్తనం కాయలు ఇమ్మని. నేను యాడ చెప్పుకొనేది?"

"తడిసినాడు సావుకారప్పా. తడిసినవాడే కూర్చల్ల గదా."

"తడిసింది బెంగుళూర్లో గదమ్మా!"

"బెంగుళూరికి అంపిచ్చింది మీరే గదప్పా!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. పాప బల్ల మీదికి వంగి, ఆ వానను ఒక మూల చింపి నోట్లో పెట్టుకుంది. నేను వేలు పెట్టి తీస్తున్నాను. సరిగ్గా అప్పుడే అల్లుడు గారు నవ్వుకుంటూ లోపలికొచ్చారు.

"మామా, ఒక్క కాపీ మిగల్లేదు! వాన యాడ పడిందని అందరూ కొన్నారు. దీని పేరే సక్సెస్! ఎవరమ్మా, రామాంజులు మిసెస్సా? భయపడబేడమ్మా. ఆయన్ను తీసేసేది లేదు. బెంగుళూర్లోనే పర్మనెంటు!"

స్వామి నా మొక్కు విన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. ఉద్యోగం ఊడనీయకు అన్నాను. ఎక్కడి ఉద్యోగమో చెప్పడం నేనే మరిచాను! పోయేటప్పుడు ఉద్యోగం పోతుందేమోనని కాళ్ళు వణికాయి. వచ్చేటప్పుడు పోలేదే అని కాళ్ళు రాలేదు. ఇట్లాంటి చిత్రం పునర్వ్యవస్థీకరణలో తప్ప ఇంకెక్కడైనా చూస్తామా?

అయితే పొరపాటు మళ్ళీ జరగకుండా ఒక రూలు పెట్టారు. ఇకమీద అనంతపురం ఆఫీసు ఫోనులో ట్రంకు కాలు చేసి "వాన పడింది" అని చెబితే తప్ప, బెంగుళూరులో "వాన జాడ లేదు" ముక్కను ఎవరూ ముట్టుకోకూడదు. చక్కటి రూలు. ఒక్కటే చిక్కు. మన ఊళ్ళో నాలుగు చినుకులు పడితే మొదట తెగేది ఆ ట్రంకు లైనే. లైను బాగున్నంత సేపూ వాన ఉండదు, వాన ఉన్నంత సేపూ లైను ఉండదు!

నేను గుమ్మం దాటుతుంటే అల్లుడు గారు వెనక్కి పిలిచారు. "మీరు చెన్నాగా మాట్లాడతారమ్మా. మహిళల పేజీ రాసే ఆమెను ముందుకు కదిలించినాం. ఆ చోట మీరు రాయండి. రీఆర్గనైజేషన్ ఎంత మంచిదో రాయండి."

ఏడో క్లాసులో బడి మాన్పించినవాళ్ళు ఈ మాట వినాలి! నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంత త్వరపడి ఒప్పుకున్నానో ఇప్పుడు చెబుతాను. ఇక్కడిదాకా అల్లుడు గారు రారు. తెలుగు అక్షరాలతో వారికి మొదటి పేరా వరకే స్నేహమట. అది చదివి, "బహళ చెన్నాగుంది", అంటే చాలా బాగుందని, సంతకం పెట్టేస్తారని యేసన్న చెప్పాడు. అందుకే కొబ్బరికాయ మొదట్లోనే కొట్టేశాను.

మరి ఈ పేజీ కూడా బెంగుళూరే గదా పోతుంది? అక్కడ దీన్ని ముక్కముక్కగా అతికించేది ఎవరు? లాడ్జికి ఉత్తరం రాస్తే వాళ్ళిస్తారో ఇవ్వరో తెలియదు. సెలవడిగితే పర్మనెంటు వాళ్ళకు సెలవేంటంటారు. పత్రికకు రాసింది మాత్రం ఆయన చదివి తీరాలి. అద్దం పెట్టుకునైనా చదవాలి. అది ఆయన ఉద్యోగం!

చదువరులారా, మీరు పెద్దమనసు చేసుకుని కాసేపు అటు తిరగండి. ఇది ఇంటి మాట.

పాప నాయనా, ఇది కత్తిరించి పారేయొద్దు. పాపకు కింద రెండు పండ్లొచ్చినాయి. నాయనా అనేది కూడా వచ్చింది. యేసన్నను చూసినా నాయనా అంటాది, మేకను చూసినా నాయనా అంటాది. మేక పలుకుతాంది కూడా. నువ్వు బిరీన వచ్చి ఆ మాట నీదని చెప్పుకోకుంటే నేను చేసేదేమీ లేదు.

ఇంకొకటి. ఇది రాస్తాండగానే వానొచ్చింది. నవ్వొద్దు, నిజం వాన. రేకుల మీద బండలు పడినట్ల పడతాంది. మీయమ్మ ఇంట్లో ఉండే గిన్నెలన్నీ, ఆఖరికి ఉగ్గుగిన్నె కూడా, చూరు కింద పెట్టింది. మేక నడింట్లోకి వచ్చి పండుకున్నాది. ట్రంకు లైను అప్పుడే తెగిందంట. నేను పాపనెత్తుకోని ఆఫీసు దాకా పోయి చూసొచ్చినా. యేసన్న ఆ తాళం ముందర తడుస్తా నిలబడుకోని ఉండాడు. లోపలికి రాన్నా అంటే రాడు. "తడిసినానమ్మా, చొక్కా పిండితే కారుతాంది చూడు. కూర్చేదానికే ఎవురూ లేరు" అంటాడు.

పొద్దున పేజీలో నువ్వేమి అతికిస్తావో నాకు తెలుసు. వాన జాడ లేదు. రూలు గదా, అతికించు. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి మేము చదువుకుంటాం. ఈ కాగితం కూడా తడిసింది, సిరా పారింది చూడు. నీ చేతికి వచ్చేలోగా బస్సులోనే ఆరిపోయుంటాది. జిల్లా అంతా తడిసింది. కూర్చల్సిన మనిషొక్కడే యాడో పొడిగా ఉండాడు. పద్ధతి తప్పకూడదు పాప నాయనా. వచ్చి తడువు.

చదువరులారా, ఇక ఇటు తిరగండి. ఎక్కడ ఆపాను? ఆఁ, పునర్వ్యవస్థీకరణ! దివ్యమైనది. ప్రతి ఇంటికీ రావలసినది. దాని గుణగణాలు ఇంకా ఎన్నో చెప్పాలని ఉంది గాని, చోటు సరిపోతుందో లేదో నాకు తెలియదు, అతికించేవాళ్ళ ఇష్టం. ఈ ముక్క చివరి వరసలు కాస్త వంకరగా అతికి ఉంటే, ఆయన తొందరలో ఉన్నాడని అనుకోండి. దీని కింద అచ్చేమీ లేకుండా తెల్లగా ఖాళీ కనబడితే, ఆయన బస్సెక్కేశాడని అర్థం.